ఉప్పాడ పెద్దింట్లమ్మ రాయెక్కిన వేసవి

ఉప్పాడలో రాయి అంటే ఒకటే రాయండి. సముద్రం ఊరిని కొరుక్కు తినకుండా లారీల్లో తెచ్చి ఒడ్డున పోసిన రాయి. దాని మీద పిల్లలు ఎక్కుతారు, మేకలు ఎక్కుతాయి, పనిలేని మగాళ్ళు ఎక్కి పేకాడతారు. అదేం వింత కాదు. ఇద్దరు ఆడపిల్లల తల్లి, చేపల గంప కింద పెట్టి, కుచ్చిళ్ళు బొడ్లో దోపుకుని, చేత్తో పట్టు చూసుకుంటూ ఎక్కడం మాత్రం పెద్దింట్లమ్మ విషయంలోనే చూసింది ఊరు. చూసి ముక్కున వేలేసుకుంది.

"ఏమే కోడలా, అక్కడేమన్నా పడేసుకున్నావా?" అని అడిగింది అత్త, పేరు చిన్నమ్మాయి, మొదటిసారి చూసినప్పుడు.

"లేదత్తా. ఊరికే."

"ఊరికే ఎక్కుతారా ఎవరన్నా!"

ఆవిడ తప్పు లేదు లెండి. ఆ ఇంట్లో ఊరికే చేసిన పని అంటూ ఇంతవరకూ ఏదీ లేదు.

పెద్దింట్లమ్మకి ఈ పిచ్చి గురుకులంలో చదివేటప్పుడు అంటుకుంది. తొమ్మిదో తరగతిలో ఉండగా కొండలెక్కే శిక్షణకి పిల్లలు కావాలన్నారు. చెట్టెక్కగలిగిన వాళ్ళు చెయ్యెత్తమంటే ఈవిడ ఎత్తింది. బస్సులు మార్చి మార్చి తెలంగాణా వైపు ఏదో గుట్ట దగ్గరకి తీసుకెళ్ళారు. పుట్టి బుద్ధెరిగాక కొండని దగ్గర్నుంచి చూడని పిల్ల, నడుంకి బెల్టు కట్టించుకుని, బెల్టుకి తాడు తగిలించుకుని సగం దాకా పాకేసింది. అక్కడ చేతులు జారాయి. దించేశారు. పెద్ద కొండలకి వెళ్ళేవాళ్ళ జాబితాలో పేరు రాలేదు. తిరుగు బస్సులో కాకినాడ వచ్చేదాకా ఏడుస్తూనే ఉంది.

అప్పట్నుంచీ ఎవరడిగినా ఒకటే పాట. "సగంలో చేతులు జారిపోయాయే. ఇంకో నాలుగు పట్లు దొరికుంటే పైకెళ్ళిపోదును. ఆ పైన ఏముందో చూసేదాన్ని." పైన ఏముంటుందండీ? ఇంకో రాయి ఉంటుంది. కానీ ఆ మాట ఆవిడ మొహమ్మీద అనే ధైర్యం ఎవరికుంది?

తర్వాత పెళ్ళి, పిల్లలు, గంప. తెల్లవారకముందే ఒడ్డుకెళ్ళి వేలంపాటలో చేపలు కొనడం, ఆటోలో పిఠాపురం మోసుకెళ్ళి అమ్మడం, మిగిలినవి తెచ్చి ఉప్పు పట్టించి ఎండేయడం, ఆ తర్వాత పొయ్యి, ఆ తర్వాత బట్టలు, ఆ తర్వాత అత్త మందుబిళ్ళలు. మధ్యలో సముద్రం రెండుసార్లు ఇల్లు మింగింది. రెండుసార్లూ గిన్నెలూ, మంచాలూ, దేవుడి పటాలూ నెత్తిన పెట్టుకుని వెనక్కి జరిగారు. మొగుడు లోకనాథ్ చెడ్డవాడని అనలేం. తాగడు, చెయ్యెత్తడు, వేటకెళ్తే ఒళ్ళు దాచుకోడు. కాకపోతే తన ఇంట్లో ఉప్పు డబ్బా ఏ అరలో ఉంటుందో పెళ్ళైన దగ్గర్నుంచీ తెలుసుకోని మహానుభావుడు.

ఆ ఏడాది వేసవి మొదట్లో డ్వాక్రా ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఒక కబురు వచ్చింది. గోదావరి పైన, పాపికొండల వైపు, జాతీయ పార్కు అంచున పిల్లల వేసవి క్యాంపుకి వంటమనుషులు కావలెను, సీజన్ అయ్యేదాకా అక్కడే ఉండాలి అని. కింద ఒక ఫోటో. నల్లటి రాతి మీద ఎర్ర టోపీ పెట్టుకున్న పిల్లాడు బల్లిలా కరుచుకుని ఉన్నాడు. జీతం ఎంతో పెద్దింట్లమ్మ చదవలేదు. ఫోటోనే పెద్దది చేసి, పిల్లాడి చేతులు ఎక్కడున్నాయో, కాళ్ళు ఎక్కడున్నాయో చూసుకుంది.

లోకనాథ్ అప్పుడు వల ముందేసుకుని కూర్చున్నాడు. వేసవిలో రెండు నెలలు సముద్రం మీద వేట నిషేధం కదా, మగాళ్ళంతా ఒడ్డునే ఉండి వలలు బాగుచేసుకుంటారు.

"వంట చెయ్యడానికి అంత దూరమా? ఇక్కడ చెయ్యట్లేదా ఏంటి?" అన్నాడు.

"వంట కోసం కాదు. అక్కడ రాయుంది. ఎక్కుతాను."

"మన ఒడ్డున ఉన్నవి చాల్లేదా?" అని నవ్వబోయి, పెళ్ళాం మొహం చూసి మానేశాడు. "మరి మాకు కూడెవరు పెడతారే?"

"అత్త ఉంది, నువ్వున్నావు. వేట లేదు, నాకు గంపా లేదు. ఇప్పుడు కాకపోతే మళ్ళీ ఎప్పుడు?"

చిన్నమ్మాయి గొణిగింది, సణిగింది, రాళ్ళెక్కే వయసా అని దెప్పింది. పెద్ద కూతురు రమ్యశ్రీ మాత్రం ఎగిరి గంతేసింది. "అమ్మా, పైకెక్కాక ఫోటో పంపు. మా ఫ్రెండ్స్‌కి చూపిస్తా." తన స్కూలు ట్రాక్ ప్యాంటు తనే మడతపెట్టి అమ్మ సంచిలో సర్దింది.

వెళ్ళింది సరే. వెళ్ళాక తెలిసింది అసలు సంగతి.

వంటపాక వెనకే రాయి. రెండు కొబ్బరిచెట్లంత ఎత్తు. పిల్లలు దాన్ని ఎక్కేది పొద్దున్నే, మళ్ళీ ఎండ తగ్గాక. పొద్దున్నే అంటే ఏంటండీ? వంటపాకలో ఇడ్లీలూ, చట్నీలూ, పాలూ. ఎండ తగ్గాక అంటే? పకోడీలూ, రాత్రి అన్నానికి కూరలూ. రాయి చల్లగా ఉన్నప్పుడు పొయ్యి మండుతూ ఉంటుంది, పొయ్యి ఆర్పేసరికి రాయి కాలిపోతూ ఉంటుంది. ఒకరోజు మధ్యాహ్నం ఆగలేక వెళ్ళి అరచేతులు ఆనించింది. పెనం మీద పెట్టినట్టే అయింది. చేతులు బకెట్లో ముంచుకుని కూర్చుంటే, కొవ్వూరు నుంచి వచ్చిన పెద్ద వంటమనిషి దీనమ్మ చూసి, "ఏమ్మా, ఇక్కడ పొయ్యిలు చాల్లేదా నీకు కాలడానికి?" అంది.

ఒక్కో బ్యాచ్‌కి అరవైమంది పిల్లలు. ఒకడికి ఉప్మా పడదు, ఒకడికి నూడుల్స్ కావాలి, ఒకడు అమ్మ కావాలని ఏడుస్తాడు, వాణ్ణీ ఈవిడే ఎత్తుకోవాలి. గుండిగలు తోమి తోమి నడుం పడిపోయేది. సాయంత్రం కూరగాయలు తరుగుతూ తలెత్తితే, రాతి మీద పిల్లలు కేరింతలు కొడుతూ కనిపించేవారు. కళ్ళు అటే పోయేవి. వేలు తెగేది.

తాడు పట్టుకుని పిల్లల్ని ఎక్కించేవాడు హరిబాబు, వైజాగ్ కుర్రాడు. ఈవిడ చూపులు కనిపెట్టాడు. "ఆదివారం పొద్దున ఒక బ్యాచ్ వెళ్ళిపోతుందక్కా, సాయంత్రానికి గానీ రెండోది రాదు. ఆ మధ్యలో రండి, ఎక్కిస్తాను," అన్నాడు. పెద్దింట్లమ్మకి ప్రాణం లేచొచ్చింది.

ఇక్కడ ఇంకో తిరకాసు ఉంది. ఆ అడవిలో ఫోన్ సిగ్నల్ వచ్చేది ఒక్కచోటే, ఆ రాయి మొదట్లో. అంటే పాపం ఈవిడ రాయి దగ్గరకి చేరిందంటే ఉప్పాడ మొత్తం ఈవిడ దగ్గరకి చేరినట్టే. మొదటి ఆదివారం బెల్టు కట్టుకుంది, తాడు తగిలించారు, రాయి మీద చెయ్యి వేసింది, ఫోన్ మోగింది. సముద్రం గానీ మళ్ళీ ఇంటి మీదకి వచ్చిందా?

"ఏమే, జీలకర్ర డబ్బా ఎక్కడ పెట్టావు?" అన్నాడు లోకనాథ్.

చెప్పింది. పెట్టేసేలోపు అత్త అందుకుంది, తెల్లబిళ్ళ పొద్దునా రాత్రా అని. తర్వాత చిన్నపిల్ల, అక్క కొట్టిందని. తర్వాత మళ్ళీ లోకనాథ్, జీలకర్ర డబ్బాలో వాముందేంటే అని. ఈలోగా కూరగాయల వ్యాన్ హారన్ కొట్టింది. పెద్దింట్లమ్మ బెల్టు విప్పి ఇచ్చేసింది.

రెండో ఆదివారం ఇంకా అన్యాయం. హరిబాబు తాడు సర్దుకుని వచ్చేలోగా రాయి నీడలో ఒక్క నిమిషం కూర్చుందామనుకుంది. అంతే, కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోయింది. నోరు తెరుచుకుని, చెప్పు ఒకటి ఊడిపోయి, ఒళ్ళు తెలియకుండా పడుకున్న మనిషిని లేపడానికి ఆ కుర్రాడికి మనసొప్పలేదు. బస్సు వచ్చిన చప్పుడుకి లేచి, "అయ్యో, లేపొచ్చు కదా బాబూ!" అని వాడి మీదే విసుక్కుంది. పాకలోకి వెళ్ళి ఉల్లిపాయలు తరుగుతూ ఏడ్చింది. ఉల్లిపాయలు ఉండటం మంచిదైంది.

ఆ తర్వాత ఆదివారాలు ఎటు పోయాయో పోయాయి. ఒకసారి దీనమ్మకి జ్వరం, ఒకసారి గాలివాన. రమ్యశ్రీ మాత్రం ఫోన్ చేసినప్పుడల్లా, "ఫోటో ఏదమ్మా?" అనేది. "వస్తుందే," అనేది ఈవిడ. చివరికొచ్చేసరికి పిల్ల అడగడం మానేసింది. అడిగినప్పటికంటే అదే ఎక్కువ బాధపెట్టింది పెద్దింట్లమ్మని. రాతి ముందుకొచ్చి కూడా ఎక్కకుండా ఇంటికి పోతే, ఇక ఈ జన్మకి ఎక్కేది లేదని ఆవిడకి తెలుసు.

ఆఖరి బ్యాచ్ వెళ్ళిపోయింది. తొలకరి మబ్బు పట్టింది. అటు వేట తెరిచే రోజు దగ్గర పడింది, ఇటు వ్యాన్‌లో సామాన్లు ఎక్కిస్తున్నారు. హరిబాబు తాళ్ళు దించడానికి రాయి దగ్గరకి బయలుదేరాడు. పెద్దింట్లమ్మ మసి గుండిగ ముందు కూర్చుని, పీచు చేత్తో పట్టుకుని అటే చూస్తోంది.

దీనమ్మ వచ్చి పీచు లాక్కుంది. "లే. నేను తోముకుంటాను."

"వద్దులే దీనమ్మా, ఇంకా ఇన్ని ఉన్నాయి."

"వెళ్ళవే తల్లీ! రెండు నెలల్నుంచి ఆ రాయిని చూసి నువ్వు నిట్టూరుస్తుంటే నాకు తలనొప్పి వస్తోంది. ఎక్కు, పడు, ఏదో ఒకటి చెయ్యి."

రమ్యశ్రీ ట్రాక్ ప్యాంటు వేసుకుని పరుగెత్తింది. హరిబాబు మొహం ఎండకి వాడిపోయి ఉంది, అరచేతులు తాడు రాపిడికి తోలు లేచిపోయి ఉన్నాయి. అయినా విసుక్కోలేదు. బెల్టు బిగించాడు, తాడు ముడి రెండుసార్లు లాగి చూశాడు, ఆవిడ ఫోన్ తీసుకుని తన జేబులో వేసుకున్నాడు. "పైకెక్కాక ఫోటో నేను తీస్తానక్కా," అన్నాడు.

రాయి చల్లగా ఉంది. మొదటి పట్టు దొరికింది, రెండోది దొరికింది. పదిహేనేళ్ళు గంప మోసిన మెడ, నీళ్ళలో నానిన వేళ్ళు, అవన్నీ ఆవిడవే కదా, మాట విన్నాయి. కాలు వేస్తూ, చెయ్యి మారుస్తూ సగం దాటింది. చెప్పొద్దూ, హరిబాబే ఆశ్చర్యపోయాడు. అక్కడ మొదలైంది వణుకు. ముందు మోకాలు, తర్వాత మోచేతులు. వేళ్ళు బిగుసుకుపోయాయి.

"నాలుగే పట్లక్కా! అదిగో, పైన!" అని అరిచాడు కింద నుంచి.

తలెత్తి చూసింది. నిజమే, నాలుగే. కనిపిస్తున్నాయి. కానీ చెయ్యి లేవడం లేదు.

"సరే, తొందరేం లేదు. చేతులు వదిలేసి బెల్టులో కూర్చోండి. నేను పట్టుకున్నాను."

వదలలేదు. వదలడం ఆవిడకి చేతకాదు మరి. పడితే గంప పడుతుంది, ఇల్లు పడుతుంది, అలాగే బతికింది ఇన్నాళ్ళూ. దవడలు బిగబట్టి అలాగే వేలాడింది.

"వదిలెయ్యండక్కా. నేను పట్టుకున్నాను కదా."

ఒక చెయ్యి వదిలింది. తర్వాత రెండోది. ఒక్క జానెడు కిందికి జారి, తాడు బిగుసుకుని, ఒంటి బరువంతా బెల్టుకి వదిలి కూర్చుంది. కాళ్ళు రాతికి ఆనాయి. చేతులు రెండూ ఒళ్ళో పడ్డాయి, వాటితో చెయ్యవలసిన పని ఏదీ లేదు.

అప్పుడు గుర్తొచ్చింది. తొమ్మిదో తరగతిలో, ఆ గుట్ట మీద, ఇదే జరిగింది. సగంలో చేతులు జారాక కింద నుంచి మాస్టారు, "కూర్చోమ్మా, నేను పట్టుకున్నాను," అన్నారు. తను కూర్చుంది. ఎండ, గాలి, కిందెక్కడో పిల్లల మాటలు. కాసేపటికే దించేశారు. బస్సులో ఏడ్చింది పైకెక్కలేదని కాదు, దించేశారని. ఇన్నేళ్ళూ అందరికీ పైన ఏముందో అని చెప్పి చెప్పి, తనే అది మర్చిపోయింది. ఆ తర్వాత మళ్ళీ ఎవరూ "కూర్చో, నేను పట్టుకున్నాను" అనలేదు ఆవిడతో. అడగాలని ఆవిడకీ తోచలేదు.

కళ్ళనీళ్ళు వాటంతటవే కారాయి. తుడుచుకోలేదు.

కింద ఫోన్ మోగింది. హరిబాబు రెండు చేతులతో తాడు పట్టుకుని ఉన్నాడు, జేబు వైపు చూశాడు. "అక్కా, మీ ఇంటి నుంచేమో. దింపెయ్యమంటారా?"

సముద్రమేమో. జీలకర్ర డబ్బా ఏమో. పెద్దింట్లమ్మ కళ్ళు మూసుకుంది.

"మోగనివ్వండి బాబూ."

మోగి మోగి ఆగింది. మళ్ళీ మొదలైంది.

"ఇంకో నాలుగు పట్లే, ఎక్కేస్తారా మరి?"

"వద్దు. ఇలాగే ఉంచండి కాసేపు." సంకోచంగా అడిగింది. "బరువుగా ఉన్నానా బాబూ?"

"లేదక్కా," అన్నాడు హరిబాబు, తోలు లేచిన చేతులతో తాడు ఇంకో చుట్టు బిగించుకుంటూ. "కూర్చోండి."