కొలను లోతు

పార్కులో పూడ్చేసిన పాత కొలనును మొదట ఉన్నట్టే మళ్లీ కట్టించాలని, దాని అసలు నక్షా కోసం ఆఫీసుల చుట్టూ తిరిగాను. చివరి ఆఫీసులోనూ చెదలు తినేశాయన్నారు. వరంగల్ నుంచి పరకాల బస్సెక్కి, ఫోన్‌లో ఆ కొలను పాత ఫొటో చూస్తూ కూర్చున్నాను.

పక్క సీటులోని ముసలామె తొంగి చూసింది. "గీ కొలను లోతెంత బిడ్డా?"

"తెల్వది పెద్దమ్మా. నక్షా దొరకలే."

"నా బిడ్డ గిండ్లనే మునిగి సచ్చిపోయింది. మోకాళ్ల లోతే గదా, నువ్వే సరిగ జూసుకోలేదని అందరన్నరు. నక్షా దొరికితే జర చెప్తవా?"

దొరకదని తెలిసీ తలూపాను. ఆమె పేరైనా చెప్పకుండా ఆత్మకూరులో దిగిపోయింది.

ఇప్పటికీ ఆ నక్షా కోసం వెతుకుతూనే ఉన్నాను. కొలను కట్టించాలన్న కోరిక మాత్రం పోయింది.