పదమూడు పోలెల విచారణ

1991 మార్చిలో నేను సిద్దిపేటలోని ఒక చిన్న వంటల కంపెనీలో స్టోర్ ఇన్‌చార్జిగా చేరాను. పెళ్లిళ్లకు, ఫంక్షన్లకు వంట, వడ్డన మా పని. పెద్ద వంటమనిషి రాజమల్లు ఏ సరుకు ఎంత కావాలో చీటీ రాసిస్తాడు. దాన్ని ఇండెంటు అంటాం. ఆ ప్రకారం సరుకు తెప్పించి, నాణ్యత చూసి, రిజిస్టర్లో ఎక్కించడం నా బాధ్యత. బియ్యం, నూనె కంటే నాకు ఎక్కువ తలనొప్పి ఇస్తరాకులు. మోదుగాకులు కుట్టించి పంపేవాడు రాయపోల్ దగ్గరి కాంట్రాక్టరు ఒకాయన.

ఆ వేసవిలో వరుస ముహూర్తాలు పడ్డాయి. అంత సరుకు ఆయన ఇవ్వగలడో లేదో చూసిరమ్మని మా సేటు నన్ను పంపాడు. రేకుల షెడ్డులో నాలుగు కుటుంబాలవాళ్లు ఆకులు కుడుతున్నారు. గేటు దగ్గర కాంట్రాక్టరు మనిషి మల్లేశం కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. దాహమేస్తోందని లక్ష్మవ్వ అనే పెద్దావిడను మంచినీళ్లు అడిగాను. గేటు బయటి బోరింగుకు వెళ్లడానికి ఆమె మల్లేశంను అడగాల్సి వచ్చింది. నీళ్లిస్తూ మెల్లగా చెప్పింది. వాళ్లది కొండపాక. ఏనాడో తీసుకున్న అడ్వాన్సు తీరలేదని రెండేళ్లుగా ఊరికి పోనివ్వడం లేదు.

"నా బిడ్డ కొడుకు నడుస్తుండట. నేనింకా వాని మొకం సూడలే," అంది.

కొండపాక ఏమంత దూరం? పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి చేరొచ్చు.

సేటుతో చెబితే ఆయన ముఖం మాడ్చుకుని, రేపటినుంచి ఆ ఆకు మనకొద్దన్నాడు. మనం మానేస్తే ఇంకొకరు కొంటారు, ఆకులు కుట్టేవాళ్లు మాత్రం ఆ షెడ్డులోనే ఉంటారన్నాను. ఆయన నన్ను వెంటబెట్టుకుని ఆర్డీఓ ఆఫీసుకు వెళ్లాడు.

ఆర్డీఓ గారు మెత్తగా మాట్లాడే మనిషి. వెట్టిచాకిరీ రద్దు చట్టం కింద విచారణ జరిపి విడుదల పత్రం ఇచ్చే అధికారం ఆయనకుంది. ఆ పత్రం చేతికొస్తే పాత బాకీ చెల్లదు. అయితే వాంగ్మూలాలు యజమాని మనుషులు లేనిచోట తీసుకోవాలి. జీపు కనబడగానే షెడ్డు ఖాళీ చేయిస్తారని ఆయన భయం. వాళ్లంతట వాళ్లు గేటు దాటే ఉపాయం ఉందా అని అడిగారు.

ఉపాయం మా సేటు ఇంట్లోనే ఉంది. ఆ ఆదివారం ఆయన మనుమరాలిని ఉయ్యాల్లో వేసే తొట్టెల పండుగ. ఆకులు అక్కడికక్కడే కుట్టి వడ్డనకు సాయం చేయడానికి మనుషులందరినీ పంపమని కాంట్రాక్టరుకు కబురు పెట్టాం. పిల్లల్ని ఆపుకుంటాడేమోనని నాకు గుబులు. పసిపిల్లలకు బంతి భోజనం పెడతామని మొక్కుకున్నామని సేటే స్వయంగా చెప్పించాడు. మొక్కు మాట కాదనలేక కాంట్రాక్టరు ఒప్పుకున్నాడు.

ఆదివారం పొద్దున మా లారీలో పదకొండు మంది పెద్దలు, వాళ్ల పిల్లలు దిగారు. ముందు సీట్లోంచి మల్లేశం దిగాడు. ఆర్డీఓ గారు, ఆయన గుమాస్తా అప్పటికే వెనకాల సామాన్ల గదిలో బియ్యం బస్తాల మధ్య కూర్చుని ఉన్నారు.

మల్లేశంను మొదటి బంతిలో, సేటు మామగారి పక్కన కూర్చోబెట్టాం. ఆయనకు ఎనభై దాటాయి, పళ్లు లేవు, మెతుకు మెతుకు చప్పరిస్తూ తింటాడు. బంతిలో పెద్దమనిషి లేవకముందు ఇంకెవరూ లేవకూడదు కదా. వడ్డనకు రాజమల్లు తానే దిగాడు. సామాన్ల గదిలోకి ఒక్కొక్కరినే పంపాం, ఒక వాంగ్మూలం పూర్తయినప్పుడల్లా నేను గుమ్మంలోకి వచ్చి వేలు చూపేదాన్ని. రాజమల్లు మల్లేశం ఆకులో ఒక పోలె, అంటే బొబ్బట్టు, వేసి నెయ్యి కుమ్మరించేవాడు. నాలుగో వేలుకు నాకు నవ్వు ఆగక కొంగు నోట్లో కుక్కుకున్నాను. ఆరో వేలుకు గుమాస్తా గారు కూడా తొంగిచూడడం మొదలుపెట్టారు.

ఎనిమిదో పోలె దగ్గర మల్లేశం చెయ్యి అడ్డం పెట్టి, మా మనుషులు ఏరీ అంటూ లేవబోయాడు. ఇంకా ముగ్గురి వాంగ్మూలాలు మిగిలాయి.

రాజమల్లు గరిటె పట్టుకుని అలాగే నిలబడి, "తొట్టెల ఇంట్ల ఆకుల అన్నం ఇడిసిపెట్టి లేస్తరా అన్నా? బిడ్డకు మంచిదేనా?" అన్నాడు.

ముసలాయన తల తిప్పి మల్లేశంను ఎగాదిగా చూశాడు. మల్లేశం కూర్చున్నాడు.

పదకొండో వాంగ్మూలం ముగిసింది. పత్రాల మీద సంతకాలయ్యేదాకా రాజమల్లు ఇంకో రెండు వేశాడు. పదమూడో పోలె సగంలో ఆర్డీఓ గారు వచ్చి బంతి ఎదుట నిలబడ్డారు. మల్లేశం లేవాలని చూశాడు గానీ కడుపు సహకరించలేదు. చివరికి ఇద్దరు పట్టి లేపాల్సి వచ్చింది.

లక్ష్మవ్వ పత్రాన్ని రెండు చేతులతో పట్టుకుని నా దగ్గరికొచ్చింది.

"ఇగ బస్టాండుకు పోవాల్నంటే ఎవల్నడగాలె బిడ్డా?"

"ఎవల్నీ అడగద్దవ్వా."

ఆమె సేటు ఇంటి గేటు దాటి రోడ్డు మీదికి వెళ్లింది. వెనక్కి వచ్చింది. మళ్లీ వెళ్లి, మళ్లీ వచ్చింది. ఎవరూ అడ్డుకోలేదు. మూడోసారి వచ్చేసరికి నవ్వు ఆపుకోలేక మెట్ల మీద కూలబడింది. ఆమెను చూసి మిగతావాళ్లూ, వాళ్లను చూసి మేమూ నవ్వాం. మా సేటైతే కళ్లజోడు తీసి తుడుచుకుంటూ నవ్వాడు. తర్వాత రెండో బంతి వాళ్లకే వేశాం. వడ్డించింది మేము.

సాయంత్రం బస్సుకు అందరూ కొండపాక వెళ్లిపోయారు. కాంట్రాక్టరు మీద కేసు నడిచింది. వాళ్లలో రెండు కుటుంబాలు ఇంటి దగ్గరే ఆకులు కుట్టి, తమకు కుదిరినప్పుడు మాకు అమ్మేవి. తర్వాత ఇరవై రెండేళ్ల సర్వీసులో, చెప్పకుండా వెళ్లి పనివాళ్లతో విడిగా మాట్లాడనిదే నేను ఏ కొత్త సప్లయర్ పేరూ రిజిస్టర్లో ఎక్కించలేదు. ఆకు చిరిగిందో లేదో స్టోర్లో తెలుస్తుంది. కుట్టినవాళ్లు ఇంటికి పోగలరో లేదో తెలియాలంటే, యజమాని వినని చోట వాళ్లనే అడగాలి.