సువార్తమ్మ జప్తులు

ఆ పొద్దున గేటు తీసిన కాసేపటికే సువార్తమ్మ ఈదయ్య తలపాగా విప్పించి, అందులోంచి మామిడికాయ తొక్కు డబ్బా బయటికి తీసింది. కడుపు కోయించుకున్న తమ్ముడిని చూడటానికి ఈదయ్య నిడమనూరు నుంచి వచ్చాడు.

“మీ ఊర్ల తొక్కు నెత్తిమీద పెట్టుకొని తిరుగుతరా?”

“ఎండకు సల్లగ ఉంటదని పెట్టుకున్ననమ్మా.”

“కారం సల్లగుంటదా? జప్తు.”

సువార్తమ్మ నర్సు. సూర్యాపేటలో డాక్టర్ దావీదుకు ఉన్న పన్నెండు మంచాల దవాఖానలో ఏళ్ల తరబడి నర్సు. అయితే ఆమె కంటికి లోకంలో రెండు రకాల మనుషులే కనిపించేవారు: దొరికినవాళ్లు, ఇంకా దొరకనివాళ్లు. ఆమె నోట రోగులకు పేర్లుండవు, మంచం నంబర్లే. చుట్టాలు వస్తే ములాఖత్. జ్వరం తగ్గి ఇంటికి పోతే విడుదల. కొత్త రోగికి చేసే పరీక్ష కూడా విచారణే.

“ఎప్పటిసంది దగ్గు?”

“మూడొద్దులసంది.”

“సాక్షి ఎవలు?”

“నా పెండ్లాం.”

“పెండ్లాం సాక్ష్యం చెల్లదు. నాలుక సూపియ్.”

ఈ పాలనలో అందరికంటే ఎక్కువ నలిగినవాడు కాంపౌండర్ గోపయ్య. వారానికి రెండు కట్టల బీడీలు జప్తు కింద ఆమెకు సమర్పించుకునేవాడు. జప్తు చేసిన తొక్కులు, అప్పాలు, బెల్లం ముక్కలు ఒక చెక్క అలమారలోకి వెళ్లేవి. దాని తాళంచెవి ఆమె బొడ్లో ఉండేది. మరునాటికి అలమార ఖాళీ. అవన్నీ ఆమే తింటుందని గోపయ్య గట్టి నమ్మకం. ఆమె ఒళ్లు కూడా ఆ నమ్మకానికి అడ్డు చెప్పేది కాదు.

దవాఖాన ముందునుంచి పోలీసు లారీ పోతే మాత్రం సువార్తమ్మ చేతిలో పని ఆగిపోయేది. దుమ్ము అణిగేదాకా గుమ్మంలో నిలబడేది. గోపయ్య ఒకసారి ఎగతాళి చేశాడు.

“ఏంది సిస్టరమ్మా, లారీల చుట్టాలున్నరా?”

“మాది నడిగూడెం. నా సిన్నప్పుడు ఖాకీ కనవడితే మా వాడకు వాడ ఉరికేది గోపయ్యా. మా నాయిన గొంగడి ఇడిసి ఉరికిండు ఒకపారి. ఆ బట్ట ఒక్క దినమన్న తొడగాల్నని నాకు.”

“తొడిగి ఏం చేస్తవ్?”

“ఏం చెయ్య. ఉరకకుంట నిలబడత.”



పోలీసు చర్య జరిగిన మరుసటి వేసవి అది. ఠాణాకు కొత్త అధికారిగా వచ్చిన అమీన్ సాబ్ మెడమీద గడ్డకు కట్టు కట్టించుకోవడానికి వచ్చాడు.

“ఎప్పుడు లేసింది గడ్డ?”

“నిన్న.”

“అబద్ధం. ఇది వారం గడ్డ.”

అమీన్ సాబ్ ముందు బిత్తరపోయాడు, తర్వాత ఒప్పుకున్నాడు, తర్వాత ఆమెను ఎగాదిగా చూశాడు. కోదాడ దగ్గరి సరిహద్దు తనిఖీ నాకాలో ఆడవాళ్లు నడుములకు దొంగ బియ్యం కట్టుకొని దాటుతున్నారనీ, మగ జవాన్లు వాళ్లమీద చెయ్యి వేయలేరనీ చెప్పాడు.

“ఆడోళ్లను తనిఖీ చేసేతందుకు ఒక మనిషి కావాలె. ఖాకీ కోటు ఇస్తం. వారం చేసి చూడు. ఆదివారం జవాబు చెప్పు.”

సువార్తమ్మ చేతిలో దూదితోనే డాక్టర్ గదిలోకి పోయి సెలవు అడిగింది. డాక్టర్ దావీదు కాదనలేదు. “వెళ్లిరా. కానీ ఆదివారానికి రాకపోతే ఈ మంచాలకు ఇంకో నర్సును చూసుకోక తప్పదు నాకు” అన్నాడు. సోమవారం ఆమె కోదాడ బస్సెక్కింది. అలమార తాళంచెవి గోపయ్య చేతిలో పెట్టేముందు అయిదో మంచం దగ్గరికి ఒకసారి పోయి వచ్చింది.

మొదటి రోజు దవాఖానలో పండుగే. గోపయ్య నట్టనడి వార్డులో బీడీ వెలిగించాడు. ఈదయ్య తమ్ముడు తొక్కుతో పచ్చజొన్న రొట్టె తిని, పొద్దుగూకకముందే కడుపు పట్టుకొని అరిచాడు.

అయిదో మంచంమీద సాలి ఉంది. దామరచర్ల పక్క తండా నుంచి విరిగిన కాలుతో వచ్చిన ముసలిది. ఆమెను చూడవచ్చేవాళ్లు లేరు. ఎవరూ రాని వాళ్లకు దవాఖానలో పోసేది ఉప్పు గంజే. ఆమె ఆ గంజిని సగంలోనే పక్కకు నెట్టింది.

“అమ్మ ఏది?”

“కోదాడల పోలీసయింది. ఆమె ఉంటే నీకేం ఒరిగేది?”

“గంజిల తొక్కు ఏసేది.”

గోపయ్య బీడీ ఆరిపోయింది.

“ఎవలికి?”

“నాకు. ఏడో మంచం ఆయినకు. ఎవలు రానోళ్లందరికి. ‘ఎవలికన్న చెప్పినవంటే మల్ల జప్తు చేస్త’ అన్నది.”

గోపయ్య మరునాడు తానే గేటు దగ్గర నిలబడ్డాడు. ఈదయ్య వదిన కాటమ్మ గంపమీద చెయ్యి వేశాడు.

“మా ఇంటి తొక్కుమీద నీకేంది మనసు? నీ పెండ్లాం పెట్టదా?” అంది కాటమ్మ.

లోపలున్న వాళ్లంతా నవ్వారు. గోపయ్య అలమార బుధవారం కూడా ఖాళీ, గురువారం కూడా ఖాళీ. కట్టు గుడ్డ కొనే సాకుతో శుక్రవారం కోదాడ వెళ్లాడు.

నాకా దగ్గర సువార్తమ్మ ఎవరో భారీ జవాను కోటులో, చేతులు మూడు మడతలు మడిచి, చెమటలు కక్కుతూ నిలబడి ఉంది. ఎదురుగా ఒకావిడ పెద్ద పొట్టతో.

“ఎన్నో నెల?”

“ఏడో నెలండీ.”

“రాలుతున్నది సూడు నీ ఏడో నెల.”

ఆవిడ కాళ్ల దగ్గర బియ్యపు గింజలు. సువార్తమ్మ మూట విప్పించి జవానుకిచ్చింది. జవాను దాన్ని గదిలో పడేసి తాళం వేశాడు. ఆ వచ్చినావిడ కొంగుతో కళ్లొత్తుకుంటూ వెనక్కి నడిచింది.

గోపయ్య సువార్తమ్మను చూశాడు. ఖాకీలో ఆమె నిజంగానే బాగుంది. తిరిగి రమ్మని అడగకూడదని అక్కడే నిశ్చయించుకున్నాడు.

“ఎందుకొచ్చినవ్?”

“గుడ్డ కొనడానికి.”

“సూర్యాపేటల గుడ్డ లేదా? అయిదో నంబరు తింటున్నదా?”

“తింటున్నది.”

“నా కండ్లల్ల సూసి చెప్పు.”

గోపయ్య చూడలేకపోయాడు. సాలి సగం గంజీ, కాటమ్మ మాటా, అన్నీ ఒప్పేసుకున్నాడు. సువార్తమ్మ కోటు గుండీ తిప్పుతూ తాళం వేసిన గదివైపు చూసింది.

“ఆ గదిల బియ్యం ఏం చేస్తరని అడిగిన. కేసు ఫైసల అయ్యేదాక ఉంటయట. ఎలుకలు తింటున్నయి గోపయ్యా. తీసుకపోయి ఎవలికి పెట్టనీయరు.”

“సర్కారు కాయిద అది.”

“అయితే ఇంకెందుకు పట్టుడు?”

ఆదివారం చీకటి పడకముందే ఆమె తెల్ల చీరలో బస్సు దిగింది. గోపయ్య మూట అందుకున్నాడు.

“కోటు?”

“ఇచ్చేసిన.” కాస్త దూరం నడిచాక అంది, “గుండీలు మస్తుండె.”

ఈలోగా గోపయ్య నోరు ఊరుకోలేదు. జప్తయిన తొక్కులు ఎవరూ రానివాళ్ల గంజిలోకే పోతున్నాయన్న అలమార సంగతి సూర్యాపేట అంతా పాకింది. సోమవారం గేటు తీసేసరికి పదమూడుమంది చుట్టాలు తమంతట తామే వరుసలో నిలబడ్డారు. ఒక్కొక్కరి దగ్గర ఇంటి రోగికి సరిపడేదానికంటే ఎక్కువే ఉంది. దాచడం మాత్రం దొరకాలనే దాచారు: డబ్బా మూతలు కొంగుల్లోంచి మెరుస్తున్నాయి. సువార్తమ్మ ఒక్కొక్కరినీ నిలబెట్టి తిట్టి, పదకొండుమందిని పట్టుకుంది.

మిగిలిన ఇద్దరూ తమను సరిగా తనిఖీ చేయలేదని డాక్టర్ దగ్గరికి ఫిర్యాదుకు పోయారు.