ఏసోబు కుడిచెవి

పద్దెనిమిదేళ్ళుగా ఒక అబద్ధం మోస్తున్నాను. బస్తాలు మోసిన మనిషిని, రాళ్ళు ఎత్తిన మనిషిని, బరువంటే నాకు భయం లేదు. బస్తా అయితే సాయంత్రానికి దిగిపోతుంది. ఇది దిగదు. ఎదుటి మనిషి తల తిప్పి చెవి ఇటు పెడితే చాలు, నేను మాట మార్చేస్తాను. మీరెవరో నాకు తెలీదు. అందుకే మీకు చెప్తున్నాను. తెలిసినవాళ్ళకి చెప్పే దమ్ముంటే ఎప్పుడో చెప్పేవాణ్ణి.

నా పేరు అడక్కండి. ఏసోబు పేరు మాత్రం రాస్తాను. దాచుకోవడానికి వాడేం తప్పు చేశాడని?

తాడేపల్లిగూడెంలో ఒక రైసుమిల్లులో ఇద్దరం ముఠా కూలీలం. వాడిది గుండుగొలను, మాది పెంటపాడు దగ్గర. గోడౌన్లో బస్తాలు పేర్చేటప్పుడు నెట్టు మీద, అంటే పేర్చిన బస్తాల మీద, ఒకడుంటాడు, కింద నుంచి బస్తా వీపున పెట్టుకుని చెక్క మీదుగా ఒకడు ఎక్కి వస్తాడు. పైవాడు చోటు సరిచేసుకుని, చేతులు వెనక్కి తీసుకుని, "దించు" అంటాడు. ఆ మాట చెవిన పడేదాకా మోసేవాడు బస్తా వదలకూడదు. మెడ విరిగిపోతున్నా సరే. వదిలితే పైవాడి వేళ్ళు నలిగిపోతాయి. మా మిల్లులో ఒకడికి అలాగే రెండు వేళ్ళు పోయాయి. నేనూ ఏసోబూ పదేళ్ళు జత. ఎక్కువగా నెట్టు మీద నేనుండేవాణ్ణి, కింద వాడు. ఇవాళ నా పది వేళ్ళూ నాకున్నాయంటే అది వాడి చలవే.

పోటీల్లో రాతిగుండు ఎత్తడం కూడా ఇద్దరం కలిసే నేర్చుకున్నాం. ఆదివారం వాడు చర్చి నుంచి రాగానే బయల్దేరేవాళ్ళం. ఏ ఊళ్ళో పోటీ అయినా మొదట వాడు, తర్వాత నేను. ఒక్కసారి కూడా అటూ ఇటూ కాలేదు. వాడు గెలిచి నా భుజం మీద చెయ్యేసి నవ్వేవాడు. నేనూ నవ్వేవాణ్ణి. లోపల మాత్రం మండిపోయేది. ఎందుకు మండేది? వాడు నాకేం ద్రోహం చేశాడు? ఏమీ లేదు. వాడు నాకంటే బలవంతుడు, అంతే. ఆ ఒక్కటే నాకు సహించలేదు.

అప్పుడే ఈ పోటీలు నడిపే జిల్లా సంఘం రెండుగా చీలింది. అధ్యక్షుడు ఎవరన్న తగువు. ఏలూరులో మీటింగు పెట్టారు, అరగంటలో కుర్చీలు లేచాయి. ఎవడో సోడాసీసా విసిరితే ఒక పెద్దాయన నుదురు చీలి కళ్ళనిండా నెత్తురు కారింది. నేనూ కుర్చీ ఎత్తి ఇద్దర్ని బాదాను. ఎవర్ని ఎందుకు బాదానో నాకే తెలీదు, చేతులు దురదపెట్టాయి, బాదాను. ఏసోబు నా నడుం పట్టుకుని బయటికి ఈడ్చుకొచ్చాడు.

ఆ తర్వాత పాత సంఘం ఏలూరులో, కొత్త సంఘం తాడేపల్లిగూడెంలో. మాదే అసలంటే మాదే అసలని ఇద్దరూ ఎవరి సర్టిఫికెట్లు వాళ్ళు అచ్చేసుకున్నారు. ఒకరి స్టేజీ మీద రాయి ముట్టుకున్నవాడికి రెండోవాళ్ళ దగ్గర జన్మలో చోటు లేదన్నారు. ఏసోబు గూడెం సంఘంలో చేరాడు. ఏలూరు వాళ్ళు నాకు కబురు పెట్టారు. వెళ్ళాను. మనసులో మాట చెప్పనా? వాళ్ళ మీద అభిమానంతో కాదు, అక్కడ ఏసోబు లేడు కాబట్టి. సంఘం చీలినందుకు అందరూ ఏడుస్తుంటే నాకు మాత్రం పండగ. నాలుగేళ్ళు వరసగా నేను జిల్లా ఛాంపియన్ని. గూడెంలో వాడూ జిల్లా ఛాంపియనే. ఒక జిల్లాకి ఇద్దరు మొనగాళ్ళు! జనం నవ్వుకున్నారు. టీకొట్టు దగ్గర ఒకడు, "ఏసోబు అటున్నంతకాలం నువ్విటు ఛాంపియనువేలేరా" అన్నాడు. చేతిలో ఉన్న టీగ్లాసు వాడి మొహాన కొట్టాను. పెంకు బుగ్గలో దిగింది. నిజం చెప్పినవాణ్ణి కొట్టడం నాకు అప్పటినుంచే అలవాటు.

ఆ ఏడాది ప్రభుత్వం వాళ్ళు కొల్లేరులో చేపల చెరువుల గట్లు తెంచేశారు. గణపవరం దగ్గర ఒక చెరువు యజమానికి ఎండిపోయిన చెరువు మిగిలింది, పొద్దుపోక ఈ పంచాయితీ నెత్తికెత్తుకున్నాడు. "మీ సంఘాలు నాకొద్దు. ఇద్దర్నీ నా చెరువులోకి దింపండి, తేలిపోద్ది" అన్నాడు. రెండు సంఘాలూ ముందు కళ్ళెర్రజేశాయి, తర్వాత ఎవరికి వాళ్ళు తమవాడే గెలుస్తాడనుకుని లారీలు కట్టించుకుని వచ్చాయి. లారీల్లో జనంతో పాటు కర్రలు కూడా వచ్చాయి.

జడ్జి ఎవరన్న దగ్గర మళ్ళీ గొడవ. వాళ్ళ జడ్జి వీళ్ళకి పనికిరాడు, వీళ్ళ జడ్జి వాళ్ళకి పనికిరాడు. కొట్టుకునేదాకా వచ్చింది. అప్పుడు ఏసోబు ముందుకొచ్చాడు. "మిల్లులో లాగే చేసేద్దామండీ. వాడెత్తితే నేను దించు అంటాను, నేనెత్తితే వాడంటాడు. వాడి మాట నాకు చాలండి" అన్నాడు. అందరూ ఒప్పుకున్నారు. రాయి భుజానికెత్తి, మోకాళ్ళు నిటారుగా నిలబడి, ఎదుటివాడు దించమనేదాకా ఆగాలి. ముందే వదిలితే చెల్లదు.

మొదటి రాయి నేనెత్తాను. నేను పూర్తిగా నిలబడక ముందే వాడు "దించు" అని కేకేశాడు. వాడూ ఎత్తాడు, నేనూ అన్నాను. రెండో రాయి పెద్దది. మూడుసార్లు పట్టాను. మూడుసార్లూ గుండెల మీది తోలు గీసుకుంటూ జారిపోయింది. చొక్కా లేని ఒంటి మీద నెత్తురు. మా సంఘం వాళ్ళు తలలు వంచుకున్నారు.

ఏసోబు వచ్చాడు. మట్టి చేతులకి రాసుకున్నాడు. ఒడిలోకి తీసుకుని, ఊపిరి బిగబట్టి, ఒక్క ఊపులో కుడిభుజం మీదికి లేపాడు. రాయి వాడి చెవికి ఆనుకుని ఉంది. నిలబడ్డాడు. మోకాళ్ళు నిటారుగా ఉన్నాయి. నావైపు చూశాడు. నవ్వాడు కూడా.

నేను అనలేదు.

ఎందుకు అనలేదని ఎన్నిసార్లు అడుక్కున్నానో లెక్కలేదు. తప్పు మా సంఘం పెద్ద మీదికి తోసేద్దామని చూశాను, కానీ ఆయన పాపం ఆ టైములో కిళ్లీ నముల్తున్నాడు. నాకెవరూ నేర్పలేదు. వాడు చచ్చిపోవాలనుకున్నానా? అలా అనుకోలేదు, అంతదాకా నా బుర్ర పోలేదు, కానీ ఇంకొక్క క్షణం ఆగితే వాడే వదిలేస్తాడు, వదిలేస్తే చెల్లదు, చెల్లకపోతే నేను ఓడిపోను, ఇంకొక్క క్షణం, ఇంకొక్క క్షణం అనుకుంటూ పళ్ళు బిగించుకుని నిలబడ్డాను. ఒకటి, రెండు అని లోపల లెక్కపెట్టాను. ఇరవై దాటాక లెక్క తప్పింది. వాడి మెడ నరం వేలిలావున ఉబ్బింది. ముక్కులోంచి నెత్తురు కారి మీసం తడిసింది. నవ్వు పోయింది. కళ్ళతో అడిగాడు. పెదాలు "ఒరేయ్" అన్నట్టు కదిలాయి.

ఇంకెవడైనా అయితే రాయి విసిరేసేవాడు. వాడు విసరడు. పదేళ్ళు నా వేళ్ళు కాపాడినవాడు. నేను దించమనందే వదలడని ఆ చెరువులో ఉన్న వేయి మందిలో నాకొక్కడికే తెలుసు.

మోకాలు వెనక్కి వంగింది. పచ్చివెదురు విరిచిన చప్పుడు. వాడు పడ్డాడు, వాడి కాలి మీద రాయి పడింది. తోలు చీల్చుకుని ఎముక బయటికొచ్చింది, తెల్లగా. బీటలువారిన నేల ఆ నెత్తురు ఎంత వచ్చినా పీల్చుకుంటూనే ఉంది. అప్పుడు వాడు అరిచిన అరుపు రాయలేను.

అందరికంటే ముందు పరిగెత్తుకొచ్చినవాడు వాడి బావమరిది ఇమ్మానియేలు. ఏసోబు దగ్గరికి కాదు, నా దగ్గరికి వచ్చాడు. "నువ్వు అనలేదురా! నేను నీ నోటివంకే చూస్తున్నాను, నువ్వు అనలేదు!" అన్నాడు. వాడి గొంతు పట్టుకున్నాను. మూతి మీద గుద్దాను. "అన్నాన్రా! దించు అన్నాను! రాయి చెవికి ఆనుకుంది, ఇటు జనం గోల, వాడికి వినపళ్ళేదు!" అని అరుస్తూ గుద్దాను. నా అబద్ధం అక్కడ పుట్టింది, వాడి పళ్ళ మీద. వాడి ముందుపళ్ళు రెండు నా పిడికిట్లో గుచ్చుకున్నాయి. గుద్దేకొద్దీ నా మాట నాకే నిజంలా వినపడసాగింది. ఇక కర్రలు లేచాయి. లారీ అద్దాలు పగిలాయి, తలలు పగిలాయి. ఏసోబు మధ్యలో పడి ఉన్నాడు, వాణ్ణి దాటుకుంటూ కొట్టుకున్నారు. నేనూ దాటాను. చివరికి చెరువు యజమాని ట్రాక్టరు తెప్పించి వాణ్ణి ఏలూరు ఆసుపత్రికి పంపాడు. మోకాలి పైకి కాలు తీసేశారు.

వారం తర్వాత చూడ్డానికి వెళ్ళాను. ఎందుకు వెళ్ళాను? వెళ్ళకపోతే అనుమానిస్తారని. వాడు నన్ను చూసి మంచం మీద లేవబోయాడు.

"వచ్చావా. కూర్చోరా. చెయ్యికేంటి కట్టు?"

"ఏం లేదులే."

"నువ్వు దించు అన్నావంట కదరా?"

చెప్పడానికి దేవుడు నాకిచ్చిన చోటు అదే. గదిలో ఇంకెవరూ లేరు. "ఆఁ" అన్నాను.

"నాకే వినపళ్ళేదు. ఈ చెవి ఎప్పుడు పోయిందో, ఏంటో. రాయి తగిలి అంతకుముందే పోయుంటది. నేనే చూసుకోవాల్సింది." దుప్పటి సర్దుకుంటూ మళ్ళీ అన్నాడు. "ఇమ్మానియేలు నిన్నేదో కూశాడంట. వాణ్ణి నేను తిట్టాన్లే. మావాడికి అబద్ధమాడే అవసరమేంట్రా అన్నాను. మనసులో పెట్టుకోకు."

అనుమతి లేని పోటీకి వెళ్ళాడు కాబట్టి మాకు సంబంధం లేదంది గూడెం సంఘం. అసలు మావాడే కాదంది ఏలూరు సంఘం. ఒక్కరూ పండ్లు కూడా పట్టుకెళ్ళలేదు. ఆ ఏడాది సర్టిఫికెట్టు మాత్రం ఏలూరు వాళ్ళు నాకిచ్చారు. తీసుకున్నాను. సిగ్గులేక ఫొటో కూడా దిగాను. నాలుగేళ్ళకి రెండు సంఘాలూ కలిసిపోయి, ఒకరికొకరు దండలేసుకుని, ఒకే బల్ల మీద బిర్యానీ తిన్నారు. నన్ను జడ్జిని చేశారు. ఇప్పుడు ఏ కుర్రాడు రాయి ఎత్తినా మోకాళ్ళు సగం లేవకుండానే "దించు, దించు" అని అరుస్తాను. మాస్టారికి తొందరెక్కువండీ అని నవ్వుతారు.

ఏసోబు చెవి చూపించుకున్నాడు. డాక్టరు ఏ లోపమూ లేదన్నాడు. వీడు నమ్మలేదు. ఆయన మిషనే బాగోలేదన్నాడు. డాక్టరు మాట కాదని నా మాట నమ్మాడు. గుండుగొలనులో అరుగు మీద కూర్చుని వలలు బాగుచేస్తుంటాడు. ఎవరు పలకరించినా తల మొత్తం తిప్పి, ఎడమచెవి పెట్టి, చెయ్యి అడ్డం పెట్టుకుని వింటాడు.

పోయిన నెల వెళ్ళాను, ఈసారి చెప్పి తీరాలని. వాడికి కుడివైపు కూర్చోబోయాను. వాడి భార్య కరుణమ్మ టీ తెస్తూ, "అటు కాదండీ అన్నయ్యగారూ, ఇటొచ్చి కూర్చోండి. ఆ చెవి వినపడదు కదండీ ఆయనకి" అంది. అంతలో వాడి కుడివైపు, వెనక, దారాలు కోసే చిన్న కత్తి అరుగు మీంచి జారి గడ్డిలో పడింది. చప్పుడు నాకే సరిగ్గా వినపళ్ళేదు. వాడు తిరిగి చూడకుండానే చెయ్యి వెనక్కి చాపి తీసుకున్నాడు. తను విన్నట్టు వాడికే తెలీదు.

"ఒరేయ్ ఏసోబూ. ఆ రోజు చెరువులో..." అన్నాను.

తల తిప్పాడు. ఎడమచెవికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "ఏంట్రా? గట్టిగా చెప్పు."

"ఏం లేదు. ఎండ బాగా కాస్తుందంటున్నాను."

అదండీ నా మగతనం. వందల మందిని కొట్టినవాణ్ణి, ఒక కుంటివాడి ముందు ఎండ గురించి మాట్లాడాను. మీరు నన్ను క్షమించకండి. మీ కాలు కాదు పోయింది, క్షమించడానికి. తిట్టినా వింటాను. నాకు కావల్సింది ఒక్కటే, ఆ మాట నా నోట్లోంచి ఎక్కడో ఒకచోట బయటపడాలి. ఇదిగో, రాస్తున్నాను.

డాక్టరు చెప్పిందే నిజం. ఇమ్మానియేలు చెప్పిందే నిజం. ఏసోబు కుడిచెవికి ఏ జబ్బూ లేదు. నేను దించు అనలేదు.