కండక్టరు మామ ఇచ్చిన కాండక్టు సర్టిఫికెట్టు

మొన్న పక్కింటి అమ్మాయి మంచం మీద కూర్చునే ఫోనులో బి.ఎడ్.కు దరఖాస్తు పెట్టేసి, ఫీజు ప్రభుత్వమే కడుతుందట టీచరమ్మా అని సంబరంగా చెప్పి, ఇంతకీ కాండక్టు సర్టిఫికెట్టు ఎవరిస్తారు అని అడిగేసరికి నాకు నవ్వు ఆగలేదు. ఆ పిల్ల బిత్తరపోయి చూసింది.

డెబ్బయ్యో దశకం చివర్లో, పలమనేరు పక్కన మా పల్లెలో ఆడపిల్ల డిగ్రీ గట్టెక్కడమే గొప్ప. ఆపైన తిరుపతిలో బి.ఎడ్. సీటు వచ్చిందంటే, ఇంత చదివినదానికి చదువు చెప్పడం మళ్లీ వేరే నేర్పేదేమిటో నాయనకు ఎంతకీ అర్థం కాలేదు, నిజం చెప్పొద్దూ, నాకూ సరిగ్గా తెలియదు. అర్థం కాకపోయినా నాయన ఫీజుకూ హాస్టలుకూ ఉన్న ఒక్క పాడి ఆవునూ సంతలో అమ్మేశాడు. ఇక ఆ సీటు గనక పోతే ఇటు చదువూ లేదు, అటు ఇంట్లో పాలూ లేవు.

తెమ్మన్న కాగితాలన్నీ ఎలాగో పోగుచేసి, చివరికి ఈ కాండక్టు సర్టిఫికెట్టు ఎవరిస్తారో తెలియక చతికిలబడ్డాము.

"మన ఇంట్లోనే కండక్టరు ఉండాడు గదమ్మా, యాడికో పొయ్యేదేంటికి?" అన్నాడు నాయన.

కండక్టరంటే మా మేనమామ. నేను చిత్తూరు కాలేజీకి మూడేళ్లూ ఆయన బస్సులోనే తిరిగాను కాబట్టి, ఆ ప్రయాణాల గురించే అడిగారు కాబోలు అనుకున్నాను, డిగ్రీ చదివిన నా తెలివి అలా ఏడిసింది. పాపం మామ డ్యూటీ దిగి, చేతులు కడుక్కుని మరీ రాశాడు. ఈ పాప ఏనాడూ టికెట్టు లేకుండా ఎక్కలేదనీ, ముసలివాళ్లు ఎక్కితే లేచి చోటిచ్చేదనీ, చిల్లర ఎక్కువిస్తే తిరిగిచ్చిందనీ, ఎవరితోనూ గొడవ పడి ఎరగదనీ రాసి కింద సంతకం పెట్టాడు.

తిరుపతి కాలేజీలో గుమాస్తా అది చదివి, పక్క బల్ల ఆయన్ను పిలిచి చదివించాడు, ఇద్దరూ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. ఎందుకో తెలియకపోయినా నాయన కూడా వాళ్లతోపాటు నవ్వాడు, అది చూసి నాకు ఏడుపొచ్చింది. చదివిన కాలేజీ ప్రిన్సిపాలుగారి దగ్గరనుంచి తేవాలనీ, రేపు మధ్యాహ్నంలోగా తేకపోతే సీటు ఇంకొకరికి పోతుందనీ చెప్పారు. పరుగున బస్సెక్కి చిత్తూరు చేరాము. అక్కడ ప్రిన్సిపాలుగారు, 'నడవడి తృప్తికరం' అని ముందే అచ్చు వేసి ఉన్న కాగితం మీద, తలెత్తకుండానే సంతకం పెట్టారు. నా ముఖం చూడని మనిషికి నా నడవడి ఎలా తెలిసిందో నాకూ తెలియలేదు, నాయనకూ తెలియలేదు. మర్నాడు తిరుపతిలో మాత్రం అదే చెల్లింది, సీటు దక్కింది.

ఊరికి వచ్చాక మామ ఆత్రంగా తన కాగితం పనికొచ్చిందా అని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా నాయన అందుకున్నాడు.

"నీ కాయితం చూసే సీటు ఇచ్చినారప్పా."

మామ రిటైరయ్యేదాకా బస్సులో ఎక్కినవాళ్లందరికీ ఆ మాట చెప్పుకున్నాడట.

ఇప్పుడా సర్టిఫికెట్లు కంప్యూటరే అచ్చు వేస్తోంది, సంతకం పెట్టేవాళ్లకు పిల్లల పేర్లయినా తెలుసో లేదో. నాయన లేడు, మామా లేడు. నేను ఎలాంటిదాన్నో కళ్లారా చూసినవాళ్లు రాసిన కాగితం నా జన్మలో అదొక్కటే, ఆ గుమాస్తా దాన్ని ఏ చెత్తబుట్టలో పడేశాడో.