కిటికీ ఊచల్లో రసీదు

చీరాలలో ఆ నేతగాళ్ళ సందులోకి వెళ్ళి సుబ్బరావమ్మ ఇల్లెక్కడని అడిగినా, దుర్గాంబ ఇల్లెక్కడని అడిగినా ఒకే చోటికి వేలు చూపిస్తారు. ఒకప్పుడది ఒకటే ఇల్లు. అన్నదమ్ములు పంచుకున్నప్పుడు నట్టింట్లో గోడ లేచింది, వీధిలోకి ఇంకో గుమ్మం పడింది. పెద్దవాడి భార్య సుబ్బరావమ్మ, చిన్నవాడి భార్య దుర్గాంబ. మున్సిపాలిటీకి మాత్రం ఈ పంపకం సంగతి ఎవరూ చెప్పలేదు. దాని లెక్కలో ఈనాటికీ అది మామగారి పేరున ఉన్న ఒకే ఇల్లు, దానికి ఒకే పన్ను.

గోడ లేచిన రోజునే తోడికోడళ్ళ మధ్య మాటలు పోయాయి. నట్టింట్లో గుంట మగ్గం ఉండేది. కాపురానికొచ్చిన ఏడే ఆ గుంటలో కాళ్ళు పెట్టి కూర్చుని నేత నేర్చుకుంది సుబ్బరావమ్మ. గోడ సరిగ్గా దాని మీదుగానే రావలసి వచ్చింది. మరిది మట్టి తోలించి గుంట పూడ్పించేశాడు. వంటింటి గుమ్మంలో నిలబడి చూస్తున్న దుర్గాంబ ఒక్క మాటా అనలేదు. పూడ్చినవాణ్ణి ఎప్పుడో క్షమించింది గాని, ఊరుకున్నదాన్ని క్షమించలేకపోయింది సుబ్బరావమ్మ. ఇప్పుడు ఆ అన్నదమ్ములిద్దరూ లేరు. ఆమె, నూలిచ్చి నేయించుకునే ఒక మాస్టర్ వీవర్‌కి నూలు కండెలు చుట్టిపెట్టి బతుకుతోంది. పంతం మాత్రం చెక్కుచెదరలేదు.

అయితే అలిగారు కదా అని పన్ను ఆగదు. ఏడాదికి రెండు వాయిదాలు. ఏప్రిల్ నుంచి మొదలయ్యే అర్ధ సంవత్సరానిది పెద్దామె, అక్టోబరు నుంచి మొదలయ్యేది చిన్నామె కట్టాలని పెద్దమనుషులు ఆనాడే తేల్చారు. కట్టినవాళ్ళు రసీదు మడిచి రెండోవాళ్ళ కిటికీ ఊచల్లో దోపి వెళ్ళిపోతారు. తలుపు కొట్టరు, పిలవరు. ఏప్రిల్లోనే ఏడాది పన్నంతా ఒకేసారి కడితే నూటికి ఐదు రూపాయలు తగ్గిస్తామని వార్డు సచివాలయంలో బోర్డు పెట్టి మరీ చెబుతారు. కలిపి కట్టాలంటే ముందు మాట్లాడుకోవాలిగా! అందుకని ఆ తగ్గింపును ఏటా వదిలేసుకున్నారు. ఆ సందు మొత్తంలో ఇంత ఖరీదైన అలక ఇంకెవరికీ లేదు.

నిజం చెప్పాలంటే సుబ్బరావమ్మ అక్టోబరు కోసం ఎదురుచూసేది. దుర్గాంబ దోపిన రసీదు మీద పసుపు వేలిముద్ర తప్పకుండా ఉండేది, వంట మధ్యలో లేచి వచ్చినట్టు. ఒక ఏడు దీపావళి వెళ్ళినా రసీదు రాలేదు. ఈమెకు అన్నం సహించలేదు. గోడకు చెవి ఆనించి, అవతల దగ్గు విని, ఎదురింటి ఖుర్షిదా చేత మిరియాల కషాయం పంపించింది. తను పంపినట్టు చెప్పొద్దని ఒట్టు కూడా వేయించుకుంది.

మొన్న మార్చిలో జెస్సీ వచ్చింది. సచివాలయంలో ఆ వార్డు పన్నులు చూసే అమ్మాయి. దుర్గాంబ తన వాటాకు వేరే పన్ను నంబరు కావాలని అర్జీ పెట్టుకుందట, సుబ్బరావమ్మ కూడా ఒప్పుకుని సంతకం చేయాలట. ఇక ఎవరి బిల్లు వాళ్ళకొస్తుంది, ఏ గొడవా ఉండదని ఆ పిల్ల సంతోషంగా చెప్పింది. సుబ్బరావమ్మ కిటికీ వంక చూసింది. పన్ను కూడా పంచేసుకుంటే ఇక తన కిటికీ దగ్గరికి ఎవరొస్తారు? కళ్ళజోడు కనబడటం లేదని చెప్పి జెస్సీని పంపేసింది. కళ్ళజోడు ముక్కు మీదే ఉంది.

ఏప్రిల్ రాగానే సచివాలయానికి వెళ్ళి రెండు వాయిదాలూ తనే కట్టేసింది. దుర్గాంబకు కట్టడానికేమీ మిగలకపోతే, ఎందుకిలా చేశావని అడగడానికైనా రావాలి కదా. రసీదు మడిచి దుర్గాంబ కిటికీలో దోపి వచ్చింది.

సాయంత్రం కండెలు చుట్టుకుంటుంటే గుమ్మంలో దుర్గాంబ కనిపించింది. చేతిలో రసీదు, కొంగున డబ్బు ముడి.

"నా వాయిదా నువ్వెందుకు కట్టావక్కా?"

"వేరే నంబరు నువ్వెందుకడిగావు?"

"మోకాళ్ళు పోయినయ్. రేపు నేను కట్టలేకపోతే ఆ బాకీ నీ నెత్తిన పడుద్దని."

సుబ్బరావమ్మ చేతిలోని కండె కింద పెట్టింది. ఇన్నాళ్ళూ ఎవరితో పోట్లాడుతోందో ఆమెకే అర్థం కాలేదు.

"పడితే పడనీ. సంతకం మాత్రం నేను పెట్టను. పెడితే నా కిటికీలో రసీదెవరు పెడతారు?"

దుర్గాంబ గోడ మొదట్లో, గుంట పూడ్చిన చోట, నేల వంక చూసింది. "ఆ రోజు నేను వద్దనాల్సింది అక్కా" అంది.

సుబ్బరావమ్మ పీట జరిపింది. దుర్గాంబ కూర్చుని కొంగు ముడి విప్పింది. తగ్గింపులో సగం నీదేనని పెద్దామె, ముందు కట్టింది నువ్వు కాబట్టి అంతా నీదేనని చిన్నామె, చీకటి పడేదాకా వాదించుకున్నారు. అంత వాదనా మాటలతోనే సాగిందని ఇద్దరికీ తర్వాతెప్పుడో తట్టింది.

వారం తర్వాత జెస్సీ సంతకం కోసం మళ్ళీ వచ్చింది. సుబ్బరావమ్మ నోరు తెరిచేలోగా, పక్కన కండెలు చుడుతున్న దుర్గాంబే తలెత్తి, అక్క కళ్ళజోడు ఇంకా దొరకలేదని చెప్పింది.