మట్టి తడి పీల్చే పలక

పక్షవాతం వచ్చి తగ్గాక మా ఆయన కుడిచెయ్యి మాత్రం సరిగ్గా స్వాధీనంలోకి రాలేదు. వేళ్లు ముడుచుకుపోయేవి, విప్పమంటే విచ్చుకునేవి కావు. కర్మన్‌ఘాట్‌లో ఫిజియోథెరపీ చేసే అమ్మాయి రబ్బరు బంతి ఇచ్చింది. ఆయన దాన్ని సోఫా కిందికి దొర్లించేసి ఊరుకునేవారు. "పోనీ బంకమట్టి పిసకమనండి ఆంటీ, వేళ్లన్నిటికీ పని పడుతుంది" అంది ఆ అమ్మాయి.

తుర్కయంజాల్ దారిలో కుండలమ్మే వాళ్లనడిగి ఒక సంచి మట్టి తెచ్చాను. అది మరీ జారుగా ఉంది. మొదటిరోజే ఆయన వేళ్ల సందుల్లో ఇరుక్కుని, మోచేతిదాకా పాకింది. నేను కడుగుతున్నంతసేపూ ఆయన గోడవైపు చూశారు. "రేపట్నుంచి ఇది వద్దు" అన్నారు.

జారుమట్టిని ప్లాస్టర్ పలక మీద పరిస్తే పలక తడిని పీల్చేస్తుందని ఒక వీడియోలో చూశాను. దిల్‌సుఖ్‌నగర్‌లో సీలింగ్ సామాను దొరికే దుకాణానికి వెళ్లి ప్లాస్టర్ ఆఫ్ పారిస్ అడిగాను. దేనికన్నాడు దుకాణదారు. మట్టి ఆరబెట్టడానికి అన్నాను.

"ఎండల పెడితే ఆరదా అమ్మా?"

ఎండలో పెట్టి చూశాను. పైన పెచ్చు కడుతుంది, లోపల జారుగానే ఉంటుంది. అదే చెప్పి, సంచి తీసుకుని ఎల్‌బీ నగర్ ఆటో ఎక్కాను.

మొదటిసారి పొడిలో నీళ్లు పోసి కలిపాను. ఉండలు చిదుపుతుండగానే బకెట్లోనే గట్టిపడసాగింది. పారబోద్దామని కాలువ దగ్గరికి వెళ్తే పైనుంచి మా ఇంటి ఓనరమ్మ కేకేసింది. ఆమెది నల్లగొండ దగ్గర పల్లెటూరు.

"జర ఆగు అక్కా. గది మోరీల పోస్తే ఆడనే రాయి అయితది. ఏంది గది?"

చెప్పాను. ఆమె దిగివచ్చి పక్కన కూర్చుంది.

రెండోసారి నీళ్లలో పొడి చల్లాను, ఇక మునగకుండా పైన తేలేదాకా. కాసేపు నాననిచ్చి, చెయ్యి అడుగుదాకా పెట్టి బుడగలు రాకుండా నెమ్మదిగా కలిపాను. నూనె రాసిన ప్లాస్టిక్ ట్రేలో పోస్తే ఓనరమ్మ ట్రే అంచులు తట్టి సమం చేసింది. కాసేపటికి పైన మెరుపు పోయింది. గట్టిపడి, వేడెక్కింది.

"పొయ్యి లేకుండ గింత ఉడుకు ఎట్ల అక్కా?" అందామె.

ఆ మాట విని ఆయన బయటికి వచ్చారు. ఎడమచేత్తో కుడిచేతిని ఎత్తి పలక మీద పెట్టుకున్నారు. "వెచ్చగా ఉంది" అన్నారు. అది చల్లారేదాకా చెయ్యి తియ్యలేదు.

పలక డాబా మీద చాలా రోజులు ఆరింది. ఆరాక మట్టి పరిచి, కాసేపాగి అంచు పట్టుకుని లేపితే రొట్టెలా ఊడివచ్చింది. ఆయన ముందు పెట్టాను. వేలితో నొక్కి, వేలు చూసుకుని, పిసకడం మొదలుపెట్టారు.

ఇప్పటికీ చెంచాతోనే తింటారు. చొక్కా గుండీలు మాత్రం తనే పెట్టుకుంటారు, ఆలస్యమైనా. పొద్దున కాఫీ తాగాక మట్టి ముందు కూర్చుంటారు. ఒకరోజు ఓనరమ్మ వచ్చి, ఆయన చేసి ఆరబెట్టినదాన్ని చేతిలోకి తీసుకుంది.

"గిదేంది అన్నా, గిన్నెనా?"

"ఏమోనమ్మా. వేళ్లు ఎటుపోతే అటు చేశాను."

ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. అగరుబత్తి గుచ్చడానికి పనికొస్తుందని పైకి పట్టుకుపోయింది.